జంట కట్టాకే అసలు కొట్లాట: కన్విక్ట్ సిక్లిడ్‌లతో నా అనుభవం

సిక్లిడ్ చేపలు కొనడానికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది అక్వేరియం షాపులో అడిగే మాట ఒకటే: "అన్నా, ఒక ఆడ, ఒక మగ ఇవ్వు." ఆయన వలతో రెండు పట్టి కవర్లో వేసి, గాలి నింపి, రబ్బరు బ్యాండు చుట్టి చేతికిస్తాడు. ఇంటికి తెచ్చి వదిలితే వారం తిరక్కుండానే అందులో ఒకటి తోక చిరిగి, ఫిల్టరు వెనకాల నక్కి కనిపిస్తుంది. "ఈ జాతే అంత, రౌడీ చేపలు" అనుకుని గప్పీలకో గోల్డ్ ఫిష్‌లకో మళ్ళిపోతారు. తిరుపతిలో నాకు తెలిసిన ఇళ్ళలోనే ఇది చాలాసార్లు చూశాను. చూసినప్పుడల్లా బాధగా ఉంటుంది. ఆడా మగా ఒక ట్యాంకులో ఉన్నంత మాత్రాన జంట అయిపోవు. జంట కట్టిన తర్వాత కూడా వాటి కోపం చల్లారదు, అది మళ్ళడానికి ఇంకో దిక్కు కావాలి. ఈ రెండో సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. అందుకే వివరంగా రాస్తున్నాను.

నేను పెంచేది కన్విక్ట్ సిక్లిడ్. మన షాపుల్లో జీబ్రా సిక్లిడ్ అని కూడా అడగొచ్చు. మధ్య అమెరికా వాగుల చేప. బూడిద నీలం ఒంటి మీద ఎనిమిదో తొమ్మిదో నల్ల అడ్డ పట్టీలుంటాయి. మగది నాలుగైదు అంగుళాలు పెరుగుతుంది, ఆడది అంతకంటే చిన్నది. చాలా చేపల్లో రంగులు మగదానివి. వీటిలో తిరగేసి ఉంటుంది. ఈడుకొచ్చిన ఆడదాని పొట్ట పక్కన నారింజ కలిసిన బంగారు రంగు పొలుసులు మెరుస్తాయి, మగదానికి అవి ఉండవు.

ఈ చేపనే ఎంచుకోవడానికి మొదటి కారణం మా నీళ్ళు. మాది కొర్లగుంట. ఇంట్లో వాడేది బోరు నీళ్ళే. బకెట్టుకూ కుళాయికీ తెల్లగా పేరుకునే ఆ గట్టి నీళ్ళలో నియాన్ టెట్రాల్లాంటి మెత్తటి నీళ్ళ చేపలు నీరసపడిపోతాయి. మధ్య అమెరికా సిక్లిడ్‌లకు మాత్రం సున్నం కలిసిన నీళ్ళే ఇష్టం. ఆర్‌ఓ నీళ్ళు కలపక్కర్లేదు, మందులు పొయ్యక్కర్లేదు. మన నీళ్ళకు సరిపోయే చేపను తెచ్చుకుంటే సగం పని తగ్గుతుందని నా గట్టి నమ్మకం.

చెన్నై కొళత్తూరులో అంగుళం పైనున్న పిల్లలు ఆరు తీసుకున్నాను. జంటగా అమ్ముతామన్నా వద్దన్నాను. అంత చిన్నవాటిలో ఆడా మగా తేల్చడం కష్టం, అదే మంచిది కూడా. ఆరింటిని కలిపి పెంచితే ఏది ఎవరిని ఒప్పుకుంటుందో అవే తేల్చుకుంటాయి. సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో థర్మాకోల్ పెట్టె ఒళ్ళో పెట్టుకుని వచ్చాం. మా ఆయన ఊరు చేరేదాకా పెట్టె మూత తియ్యనివ్వలేదు, వెలుగు పడితే బెదిరిపోతాయని.

ట్యాంకు మూడడుగులది, దాదాపు 150 లీటర్లు పడుతుంది. ఫిల్టరు ముందే నడిపించి నీళ్ళు సిద్ధం చేసి ఉంచాను కాబట్టి కొత్త నీళ్ళతో వచ్చే గొడవ ఏమీ రాలేదు. అడుగున లావు ఇసుక బాగా కడిగి పరిచాను. ఇవి తవ్వే చేపలు, ఇసుక లేకపోతే వాటికి పనే ఉండదు. మట్టి ముంతలు, చిన్న పూలకుండీలు పక్కకు పడుకోబెట్టాను. చేపల కంటే గూళ్ళు ఎక్కువుండాలి. మధ్యలో పెద్ద రాళ్ళు అడ్డంగా పేర్చాను. ఒక మూల నుంచి చూస్తే ఇంకో మూల కనిపించకూడదు. తరిమే చేపకు ఎదుటిది కంటికి ఆనకపోతే తరమడం అక్కడికి ఆగిపోతుంది. నాలుగు ప్లాస్టిక్ మొక్కలు పెట్టి, మిగతాదంతా మైదానంలా వదిలేసిన ట్యాంకులో సిక్లిడ్‌లు వెయ్యడమంటే బలహీనమైనదాన్ని చేతులారా అప్పగించడమే.

కొన్ని నెలలు బాగానే పెరిగాయి. తర్వాత ఒకరోజు పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని ట్యాంకు ముందు కూర్చుంటే, అన్నిట్లోకీ పెద్ద మగది, పొట్ట రంగు బాగా దిగిన ఒక ఆడది ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి. రెక్కలన్నీ విప్పాయి. పట్టీలు కాటుక పెట్టినంత నల్లబడ్డాయి. పక్కపక్కకు వచ్చి తోకతో ఒకదాని వైపు ఒకటి నీళ్ళు కొట్టుకున్నాయి. ఆ పైన మూతులు కలిపి పట్టుకున్నాయి. పెదవులు బిగిశాయి. మగది నెడుతుంది, ఆడది వెనక్కి జరిగి మళ్ళీ నెడుతుంది. విడిపోయి, చుట్టు తిరిగి, మళ్ళీ పట్టుకున్నాయి. మా అత్తయ్య వెనక నిలబడి, "ఏమ్మా, ఆ చిన్నదాన్ని అట్ల కొరకతా ఉండాదే, చూస్తా కూర్చుండావా?" అంది. చూడమన్నాను. చూడాల్సింది ఆడది పారిపోతుందా, నిలబడుతుందా అన్నదే. రెక్కలు ముడిచి, రంగు వెలిసి, పైకి పోయి మూలలో వేలాడితే అది ఓడిపోయినట్టు. దాన్ని వెంటనే వేరు చెయ్యాలి. ఇది కదల్లేదు. మూతి పట్టులో తన బరువుకు రెట్టింపున్న మగదాని ముందు నిలబడింది. కాసేపటికి మగది పట్టు వదిలి, దాని పక్కన ఒళ్ళంతా వణికిస్తూ నిలిచింది. సాయంత్రానికి రెండూ ఒకే ముంతలోంచి నోటితో ఇసుక తీసి బయట పోస్తున్నాయి.

జంట కట్టడమంటే ఇదీ. ఒకదాని బలం ఒకటి కొలుచుకుని, పిల్లల్ని కాపాడటానికి సరిపోతుందని తేల్చుకున్నాక కలిసే జంట. షాపులో వలకు చిక్కిన రెండు చేపలకు ఈ పరీక్ష జరగలేదు, ఓడినదానికి పారిపోయే చోటూ లేదు.

తర్వాత జరిగింది మిగతా నాలుగింటికి కష్టకాలం. జంట మూడు వంతుల్లో రెండు వంతుల ట్యాంకు ఆక్రమించింది. మగది దూరంగా ఉన్నవాటిని తరుముతుంటే, ఆడది గూటి పక్కకొచ్చిన దేన్నీ వదల్లేదు, మరీ ముఖ్యంగా ఇంకో ఆడది కనిపిస్తే. నాలుగూ ఫిల్టరు పక్కన, పై నీళ్ళలో గుంపుగా చేరాయి. ఒకదాని తోక అంచు పీచులుగా వేలాడుతోంది. వాటిని అక్కడే ఉంచితే చచ్చిపోవడం ఖాయం. రెండడుగుల పాత ట్యాంకు కడిగి, పెద్ద ట్యాంకు ఫిల్టరు స్పాంజిలో సగం అందులోకి మార్చి, ఆ నాలుగింటినీ వెనక గదిలోకి తరలించాను.

జంట ఒక్కటే మిగిలింది. ఇక గుడ్లే అనుకుంటాం కదా. కొన్నాళ్ళు నిజంగానే హాయిగా ఉన్నాయి. తర్వాత మగదాని తీరు మారింది. ఆడది గూటి ముందు తిరుగుతుంటే ఉన్నట్టుండి దూసుకొచ్చి పక్కన పొడుస్తుంది. అది రాయి చాటుకు పోతే అక్కడికీ వెళ్తుంది. మర్నాటికి ఆడదాని పొట్ట పక్కన పొలుసులు ఊడి తెల్లటి మచ్చ పడింది. పొట్టమీది బంగారు రంగు వెలిసిపోయింది. చిన్నప్పటి నుంచి కలిసి పెరిగి, మూతి పట్టులో నెగ్గి, కలిసి గూడు తవ్విన జంట ఇది. అత్తయ్యకు కోపం వచ్చింది. "ఆ మొగదాన్ని తీసి బయటేస్తే పీడా పోతాది" అంది.

ముందు ఆడదాన్ని బతికించుకోవాలి. పూర్తిగా వేరే ట్యాంకుకు మారిస్తే మళ్ళీ కలిపినప్పుడు పరీక్ష మొదటికొస్తుంది. అందుకని కిటికీలకు దోమలు రాకుండా కొట్టే రకం కాకుండా, కాస్త మందమైన ప్లాస్టిక్ జాలీ తెచ్చి ట్యాంకు మధ్యలో అడ్డుగా దిగ్గొట్టాను. కింద ఒక మూల ఆడది దూరగలిగేంత, మగది దూరలేనంత కన్నం కత్తిరించాను. కన్విక్ట్‌లలో ఆడది చిన్నది కాబట్టి ఈ ఉపాయం పనిచేస్తుంది. వెళ్ళాలో వద్దో ఆడది తేల్చుకుంటుంది, బెదిరితే ఇటు వచ్చేస్తుంది. జాలీకి అంచులు మొరటుగా ఉంటే దూరేటప్పుడు గీసుకుంటాయి, కత్తిరించిన చోట అగ్గిపుల్లతో కాల్చి నున్న చెయ్యాలి. గాయానికి మందులేమీ వెయ్యలేదు. నీళ్ళు తరచుగా కొద్దికొద్దిగా మార్చాను, కొంచెం కల్లుప్పు కరిగించి పోశాను. మచ్చ మానింది, కొత్త పొలుసులు వచ్చాయి. మగది రోజంతా జాలీ ముందు కాపలా. ఆడది కన్నం దాటి వెళ్ళడం, తరిమించుకుని రావడం.

ఈ వ్యవహారానికి కారణం వెతుకుతుంటే కాన్రాడ్ లోరెంజ్ గమనించిన సంగతి కంటబడింది. జంతువుల నడవడి మీద పనిచేసినందుకు 1973లో నోబెల్ పంచుకున్న ముగ్గురిలో ఆయన ఒకరు. సిక్లిడ్ జంటను ఒంటరిగా ఒక తొట్టిలో ఉంచితే మగది తన ఆడదాని మీదే తిరగబడుతుందని, పొరుగు చేపలు కనిపిస్తుంటే ఆ కోపం అటు పోయి జంట నిలుస్తుందని ఆయన చెప్పాడు. పక్కపక్క జంటల మధ్య గాజుకు పాచి పట్టి అవతలివి కనిపించకపోతే మగవి పెళ్ళాల మీద పడేవట, తుడిచేస్తే మళ్ళీ సర్దుకునేవట.

చదవగానే నాకు వెనక గదిలోని నాలుగు చేపలు గుర్తొచ్చాయి. అవి ఉన్నన్నాళ్ళూ మగది ఆడదాన్ని ముట్టుకోలేదు. సరిహద్దు మీద కాపలా కాయడానికి పుట్టిన చేపకు నేను సరిహద్దే లేకుండా ఖాళీ ట్యాంకు ఇచ్చాను. కాపలా కాసే ఆ పట్టుదల ఎక్కడికీ పోదు. ఎదురుగా కదిలేది ఒక్క ఆడదే.

ఆ ఆదివారం రెండడుగుల ట్యాంకును హాల్లోకి తెచ్చి, పెద్ద ట్యాంకు పక్కనే, అడ్డం గాజుకు అడ్డం గాజు ఆనేట్టు పెట్టించాం. స్టాండు బలం ముందు చూసుకోవాలి. నీళ్ళు, రాళ్ళు, గాజు కలిసి రెండు ట్యాంకులూ 250 కిలోల దాకా తూగుతాయి. నాలుగు చేపలు అటు, జంట ఇటు. పెద్ద మగది అవతలివాటిని చూసిన క్షణం నేను పక్కనే ఉన్నాను. గూటి దగ్గర్నుంచి ఒక్క ఊపున గాజు దాకా వెళ్ళి, దవడ కింది చర్మం ఉబ్బించి, రెక్కలు విప్పి అడ్డంగా నిలబడింది. కాసేపటికి ఆడది కూడా వచ్చి దాని పక్కనే నిలిచింది. అంతకుముందు రోజు దాకా దాని నీడ పడితే పారిపోయిన చేప అది. జాలీ ఆ వారంలోనే తీసేశాను.

ఇందులో ఒక జాగ్రత్త ఉంది. రోజంతా గాజును పొడుస్తుంటే మూతి ఒరుసుకుపోతుంది, అవతలి చేపలకూ తెరిపి ఉండదు. అందుకే గాజులో సగం మేర వెనక అట్ట పెట్టాను, అవతల దాక్కోవడానికి ముంతలు పెట్టాను. అప్పుడప్పుడు కనిపిస్తే చాలు. మా బోరు నీళ్ళకు గాజు మీద తెల్లటి పొర త్వరగా పడుతుంది, దాని మీద పాచి. గాజు మసకబారిన వారాల్లో మగది మళ్ళీ ఆడదాన్ని అదిలించడం మొదలుపెడుతుంది. రెండు వైపులా స్పాంజితో తుడిస్తే తగ్గుతుంది. నమ్మకం కుదరక మొత్తం గాజుకు అట్ట అడ్డం పెట్టి కూడా చూశాను. అప్పుడూ ఆడదాన్ని అదిలించడమే.

కొందరు దీన్ని మనుషుల కాపురాలకు అంటగడతారు. నా స్నేహితురాలు కూడా అలాగే అంది. నాకది బొత్తిగా నచ్చదు. చేపకు వేరే దారి లేదు, మనిషికి ఉంది.

గుడ్లు పెట్టింది అడ్డంగా పడుకోబెట్టిన పూలకుండీ లోపలి కప్పుకు. ఆడది పొట్ట ఆనించి వరసగా అంటించుకుంటూ పోతుంటే వెనకే మగది వెళ్తుంది. ఆవగింజంత గుడ్లు, తేనె రంగు, వందకు పైగానే. టార్చి వేసి చూస్తే ఆడది ముందు రెక్కలతో వాటి మీదకు నీళ్ళు విసురుతూ కదలకుండా ఉంది. తెల్లబడినవి బూజు పట్టే గుడ్లు, వాటిని నోటితో ఏరేస్తుంది. 27 డిగ్రీల వేడిలో మూడు రోజులకు పొదుగుతాయి. అప్పుడు పిల్లలకు ఈత రాదు, పొట్ట కింద సొన సంచీతో తోకలు కొట్టుకుంటూ ఉంటాయి. తల్లీ తండ్రీ వాటిని నోట్లో పట్టుకుని ఇసుకలో తవ్విన గుంటలోకి మారుస్తాయి, మళ్ళీ ఇంకో గుంటలోకి. ఇంకో ఐదారు రోజులకు గుంపుగా ఈదడం మొదలెడతాయి.

అప్పుడు వీటిని చూడాలి. తండ్రి అడుగున ఒంటిని ఇసుకకు ఆనించి రెక్కలతో గట్టిగా కొట్టి దుమ్ము లేపుతుంది, లేచిన ముక్కల్లో పిల్లలు మేస్తాయి. పెద్ద గుళికను తల్లి నమిలి పిల్లల మధ్య ఉమ్ముతుంది. చీకటి పడేవేళకు దారి తప్పిన పిల్లను నోట్లోకి పీల్చుకుని గుంటలో వదులుతుంది. నీళ్ళు మార్చడానికి చెయ్యి పెడితే ఆ ఆడది నా వేలు కొరికింది. పెద్ద నొప్పేమీ లేదు కానీ ఆ ధైర్యానికి ఒళ్ళు జలదరించింది. పిల్లలకు నేను పెట్టింది ఆర్టీమియా, అంటే ఉప్పునీళ్ళలో పెరిగే బుల్లి రొయ్యల్లాంటి జీవుల పిల్లలు. నెల్లూరు తీరంలో రొయ్యల హేచరీల్లో వాడే గుడ్లే, ఉప్పునీళ్ళలో గాలి కొట్టిస్తే ఒక రోజుకు పొదుగుతాయి. అది లేని రోజు ఉడికించిన గుడ్డు పచ్చసొన గుడ్డలో పిండి ఒక్క చుక్క. ఎక్కువైతే నీళ్ళు పాడవుతాయి.

తిరుపతి ఎండలు దీనికి పెద్ద పరీక్ష. బయట 40 దాటితే హాల్లో ట్యాంకు నీళ్ళు 31, 32కు పోతాయి. 25 డిగ్రీల దగ్గర లీటరు నీళ్ళు 8 మిల్లీగ్రాముల పైగా ఆక్సిజన్ పట్టుకోగలిగితే, 30 దగ్గర ఏడున్నరే. చేపకేమో వేడిలో ఆక్సిజన్ ఎక్కువ కావాలి. కోపం కూడా వేడితో పాటే పెరుగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మూత తీసి జాలీ వేసి, నీళ్ళ మీదకు చిన్న టేబుల్ ఫ్యాను తిప్పుతాను. రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. ఆవిరైన నీళ్ళు రోజూ పోయాలి. కరెంటు పోయినప్పటికి బ్యాటరీ ఎయిర్ పంపు ఉండి తీరాలి. ఆ రెండు నెలలూ మేత తగ్గిస్తాను, గుడ్లు పెట్టకపోతేనే సంతోషం.

ఒక సంగతి తెలిసి ఈ చేపల మీద ఇష్టం ఇంకా పెరిగింది. ప్రపంచంలో 1,700కు పైగా సిక్లిడ్ జాతులుంటే మన దేశంలో పుట్టినవి మూడే. వాటిలో ఒకటి, కేరళ వాళ్ళు కరిమీన్ అని ప్రాణం పెట్టేది, మన పులికాట్ సరస్సులోనూ ఉంది. అదీ ఇలాగే ఆడా మగా కలిసి పిల్లల్ని కాస్తుంది. తిరుపతి జిల్లాలోనే ఇలాంటి చేప ఉండగా అక్వేరియం అంటే ఫ్లవర్ హార్న్, అరోవానా అనే తప్ప దీని ఊసే ఎత్తరు.

పిల్లలు నెల దాటాక మగదాని రంగు మళ్ళీ ముదిరితే, అవి ఇంకోసారి గుడ్లు పెట్టడానికి సిద్ధమవుతున్నట్టు. అప్పటిదాకా కాపాడిన పిల్లల్నే తరుముతాయి. ఆ లోపల వాటిని తీసెయ్యాలి. నేను పైపుతో లాగి వేరే టబ్బులోకి మార్చుకుంటాను, అంగుళం అయ్యాక షాపు అన్నకు ఇస్తాను. డబ్బులు అడగను, మేత ప్యాకెట్లు ఇస్తాడు. "అక్కా, ఈసారికి చాలు, ఇవి అంతగా అమ్ముడుపోవు" అంటాడు, అదీ నిజమే. కన్విక్ట్‌లు మొదలుపెట్టేవాళ్ళు పిల్లల్ని ఎవరికిస్తామో ముందే అనుకోవాలి. చెరువులోనో కళ్యాణి డ్యాములోనో వదిలేస్తే సరి అని నాకు సలహా ఇచ్చినవాళ్ళున్నారు. మార్కెట్లో జిలేబీ పేరుతో అమ్మే తిలాపియా కూడా సిక్లిడ్డే. 1952లో మన దేశానికి తెచ్చిన ఆ చేప ఇప్పుడు ఎన్ని చెరువుల్లో నాటు చేపల చోటు ఆక్రమించిందో చూస్తూనే ఉన్నాం.

అవతలి ట్యాంకులోనూ ఒక జంట కట్టింది. తోక చిరిగిన చేప ఉంది కదా, అది ఆడది. తోక పూర్తిగా వచ్చేసింది. మిగిలిన రెండింటినీ అడిగిన బంధువులకు ఇచ్చాను, ఆరింటినీ ఎందుకు కలిపి పెంచానో చెప్పి మరీ. ఇప్పుడు గాజుకు ఇటొక జంట, అటొక జంట. రెండు వైపులా గాజు పక్కనే ఇసుక తవ్వి గుట్టలు పోశాయి. ఆ గాజును వారానికోసారి తుడవడం మా ఇంట్లో ఎవరూ మర్చిపోరు, నేను ఊరెళ్తే అత్తయ్యే తుడుస్తుంది.